పురమందిరమున పిల్లల చిత్రములు

పాఠశాలలో పిల్లలు వ్రాసిన చిత్రములు సామాన్యముగా సంవత్సరాంతమున బీరువాలో మూలబడును. వానిని ఊరివారందరు చూచునట్లు పురమందిరమునందు ప్రదర్శించుట యేల యని కొందరు అడుగవచ్చును. దీనికి ప్రత్యుత్తరము వియన్నా నగర చరిత్రమున కలదు.

అచ్చట ఫ్రాంజ్ చిజెక్ అను చిత్రకారుడు 1897లో బాలల చిత్రకళా తరగతిని స్థాపించెను. పెద్దల చిత్రములను అనుకరింపక, తమ మనస్సునకు తోచినది వ్రాయుడనియే ఆతని బోధ. ఆ పిల్లల చిత్రములు 1920లో లండనునందు ప్రదర్శింపబడగా, బాలుని గీతకును స్వతంత్రమైన విలువ కలదని అనేకులు గుర్తించిరి. మన దేశమున శంకర్ పిళ్ళైగారు 1949లో బాలలకు పోటీని నెలకొల్పిరి.

ప్రదర్శనమునకు కొన్ని నియమములు కలవు. నీటిరంగులు ఎండకు వెలిసిపోవును గావున చిత్రములను ఎండ తగులుచోట నుంచరాదు, చెమ్మగోడలకు తగిలింపరాదు. పిల్లల కంటి యెత్తున కట్టవలెను. ప్రతి చిత్రము క్రిందను పేరు, తరగతి వ్రాయవలెను. నేర్పరులవి మాత్రమే యేరక, అందరివియు నుంచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. పాఠశాల పరువుకొరకు ఉపాధ్యాయుడు బాలుని చిత్రమును దిద్దరాదు. దిద్దినచో గోడమీది పేరు బాలునిది, చేయి ఉపాధ్యాయునిది యగును. ఆ సంగతి బాలునికి తెలియును. పొగడ్త వినినప్పుడెల్ల లోలోన సిగ్గుపడును. ఏనుగునకు ఐదు కాళ్ళున్నను ఉండనిండు. తల్లిదండ్రులారా, "ఇదేమి?" అని నవ్వకుడు, "దీని కథ చెప్పుము" అని యడుగుడు. దేవుడిచ్చిన వరము అట్లే వృద్ధిపొందును.