బిడ్డ చెప్పిన మాట, తల్లి చేసిన ప్రార్థన



మా మాచర్ల ప్రాంతంలో మిరప కోతల కాలం వస్తే ఇంటిల్లిపాదికీ తీరిక ఉండదు. తెల్లవారక ముందే చేనికి వెళ్లి, పొద్దుగూకిన తర్వాత ఇల్లు చేరి, కాళ్లు కడుక్కొని కుటుంబ ప్రార్థనకు కూర్చునే ఇండ్లు మన సంఘాలలో ఎన్నో ఉన్నాయి. ఆ ప్రార్థనలో పంట కొరకు, తీరవలసిన అప్పు కొరకు, గుంటూరులోనో హైదరాబాదులోనో చదువుకొంటున్న పిల్లల కొరకు దేవుని అడుగుతాము. కాని ఒక్క సంగతిని గూర్చి మాత్రం మేము ఎన్నడూ పైకి ప్రార్థించలేదు. కొడుకు సెలవులకు ఇంటికి వచ్చి, "అమ్మా, నాకు ఆడపిల్లల మీద మనసు పోదు. మగవారి మీదే పోతుంది. ఊహ తెలిసినప్పటి నుండి ఇంతే. నాకు పెండ్లి సంబంధాలు చూడవద్దు" అని చెబితే, ఆ రాత్రి ఆ తల్లి మోకాళ్లూని ఏమని ప్రార్థించాలి?

"మన సంఘాలలో అలాంటివి ఎక్కడున్నాయి?" అని కొందరు అంటారు. ఎవరూ చెప్పలేదు గనుక లేవనుకొంటున్నాము. పలనాడులో పరువు అనే మాటకు బరువెక్కువ. ఆ బరువు కింద బిడ్డ నోరు మూసుకుంటాడు, తల్లి నోరు మూసుకుంటుంది. తండ్రి అరుగు మీదికి రావడమే మానుకుంటాడు. అందుచేత ఈ బాధను బయటికి చెప్పిన ఒక తల్లి సంగతి ఈ నెల మీ ముందు ఉంచుతున్నాము. ఆమె మన దేశస్థురాలు కాదు. అయినా ఆమె ప్రార్థన మనకు తెలిసిన ప్రార్థనే.

ఆమె పేరు మేరీ గ్రిఫిత్. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో వాల్‌నట్ క్రీక్ అనే పట్టణం ఆమెది. ప్రెస్బిటేరియన్ సంఘ సభ్యురాలు. నలుగురు బిడ్డల తల్లి. బైబిలు చదవని దినం లేదు. ఆమె కుమారుడు బాబీ 1963లో పుట్టాడు. నెమ్మదస్థుడు, ఎవరినీ నొప్పించని పిల్లవాడు. 1979లో, పదహారేండ్ల ప్రాయంలో, తాను స్వలింగాకర్షణ గలవాడనని అన్నకు చెప్పుకొన్నాడు. అన్న భయపడి తల్లిదండ్రులకు చెప్పాడు.

మేరీకి తన కుమారుని మీద ప్రేమ లేక కాదు, ప్రేమ ఉండబట్టే భయపడింది. పరలోకంలో కుటుంబమంతా కూడి ఉన్నప్పుడు బాబీ ఒక్కడే లేకుండా పోతాడేమోనని ఆమె భయం. కుమారుని కంట పడేలా ఇంట్లో వాక్యాలు వ్రాసిపెట్టింది. అతనిని క్రైస్తవ సలహాదారు వద్దకు తీసుకొని వెళ్లింది. స్వస్థపరచుమని రాత్రింబగళ్లు మొరపెట్టుకొంది. బాబీ కూడా ప్రార్థించాడు. మారలేదు. మారనందుకు తనను తానే అసహ్యించుకొన్నాడు. ఆ అసహ్యమంతా తన డైరీలో వ్రాసుకొన్నాడు. చివరకు ఇల్లు విడిచి వేరే రాష్ట్రానికి వెళ్లాడు. 1983 ఆగస్టు 27న, ఇరువదేండ్లకే, తన ప్రాణం తానే తీసుకొన్నాడు.

ఆ తర్వాత మేరీ విశ్వాసం పునాదులతో సహా కదిలింది. తాను నేర్చుకొన్న బోధ ప్రకారం తన బిడ్డ నరకంలో ఉండాలి. కాని తాను పెంచిన ఆ మంచి పిల్లవాడిని తలుచుకొంటే ఆమె హృదయం దానిని ఒప్పుకోలేదు. ఇన్నేండ్ల ప్రార్థన దేవుడు ఎందుకు వినలేదు? ఆమె బాబీ డైరీలు చదివింది. వాక్యాన్ని మళ్లీ మొదటి నుండి వెదికింది. వేరొక సంఘకాపరి వద్దకు వెళ్లి తన ప్రశ్నలన్నీ అడిగింది. చివరకు ఆమెకు తోచిన జవాబు ఇది: దేవుడు బాబీని స్వస్థపరచలేదంటే, అతనిలో స్వస్థపరచవలసిన రోగమే లేదు. ఆ తర్వాత ఆమె ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల సంఘంలో చేరి, ఇతర తల్లులు తనలా పొరబడకూడదని ఏండ్ల తరబడి సాక్ష్యమిచ్చింది. 1995లో ఆమె కథ పుస్తకంగా వచ్చింది. 2009లో సినిమాగా తీశారు. 2020లో ఆమె కన్నుమూసింది.

ఈ కథ చదివినప్పుడు మాకు దావీదు జ్ఞాపకం వచ్చాడు. అబ్షాలోము చేసినది హత్య, బాబీ ఎవరికీ కీడు చేయలేదు. ఆ భేదం మరువకూడదు. అయితే తండ్రి సంగతి చూడండి. దావీదు కుమారుని యెరూషలేముకు రానిచ్చాడు గాని, రెండు సంవత్సరాలు అతని ముఖం చూడలేదు. ఒకే పట్టణంలో తండ్రి, కొడుకు. మాట లేదు. ఆ కొడుకు చనిపోయాక గుమ్మం పైగదిలోకి ఎక్కి, తాను బదులుగా చచ్చిపోయినా బాగుండేదని ఏడ్చాడు. ఆ ఏడ్పు కొడుకు చెవిని పడలేదు. బిడ్డకు అన్నం పెట్టి ముఖం తిప్పుకొనే ఇండ్లు మన మధ్య ఉంటే, ఈ సంగతి ఆ ఇండ్ల కొరకే వ్రాయబడిందని మేము తలుస్తున్నాము.

తల్లిదండ్రులను పీడించే మూడు భయాలున్నాయి. మొదటిది, ఇది జబ్బు కాబోలునని. కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీనిని జబ్బుల పట్టికలో నుండి తొలగించింది. భారత మనోరోగ వైద్యుల సంఘం 2018లో ఇదే చెప్పింది. మారుస్తామని చెప్పి చేసే చికిత్స వైద్యవృత్తికి తగని నేరమని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. గనుక మందులకు, మంత్రాలకు, దయ్యం వెళ్లగొడతామనేవారికి డబ్బు పోయకండి. బిడ్డను కొట్టకండి.

రెండవది, పోలీసు భయం. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను పెద్దల ఇష్టపూర్వక సంబంధానికి వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. అలాంటి ఇద్దరి పెండ్లికి మాత్రం చట్టబద్ధత ఇవ్వలేమని 2023 అక్టోబరు 17న అదే కోర్టు తీర్పు ఇచ్చింది.

మూడవది, "మేము పెంచడంలో ఏమి తప్పు చేశాము? దేవుడు మమ్మును శిక్షిస్తున్నాడా?" అనే భయం. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు కూడా ఇదే అడిగారు, వీడు పాపం చేశాడా, కన్నవారు చేశారా అని. ప్రభువు ఆ రెండూ కాదన్నాడు.

పెండ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి అనే మాట మన ఊళ్లలో ముందుగా వస్తుంది. ఆ పెండ్లి పీటల మీద కూర్చునేది ఇంకొకరి కూతురు. ఆమె బ్రతుకు ఏమవుతుంది? బలిపీఠం మీద మన పరువు కొరకు ఒక పరాయి బిడ్డను పెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు?

వాక్యంలోని ఆయా భాగాలను ఎలా అర్థం చేసుకోవాలో ప్రొటెస్టెంటు సంఘాలలో ఏకాభిప్రాయం లేదు. ఆ వాదం ఈ ఒక్క వ్యాసంతో తీరేది కాదు. అది తీరేవరకు బిడ్డను గుమ్మం బయట నిలబెట్టమని మాత్రం ప్రభువు చెప్పలేదు.

సంఘ పెద్దలకు కూడా ఒక మాట. హన్నా పెదవులు కదిలించి మౌనంగా ఏడుస్తుంటే, యాజకుడైన ఏలీ ఆమెను త్రాగుబోతు అనుకొన్నాడు. ఆమె తన దుఃఖం చెప్పుకొన్నాక తన మాట మార్చుకొని దీవించి పంపాడు. తొందరపడి తీర్పు చెప్పడం యాజకునికీ తప్పలేదు. దిద్దుకోవడం అతని గొప్పతనం. యోబు స్నేహితులు కూడా ఏడు దినాలు నోరు విప్పక అతనితో నేల మీద కూర్చున్నంతవరకు మంచివారే. అలాంటి ఇల్లు మీకు తెలిస్తే, ముందుగా వెళ్లి ఆ చాప మీద కూర్చోండి. ఆ మాట బజారు పాలు చేయకండి.

తల్లులారా, తండ్రులారా, మీరు ఒంటరివారు కారు. మన దేశంలోనే 'స్వీకార్' అనే తల్లిదండ్రుల సంఘంలోని 400 మందికి పైగా 2023లో తమ పిల్లల పక్షంగా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ వ్రాశారు. బిడ్డ దిగులుతో తిండి మానినా, చావు మాట ఎత్తినా ఆలస్యం చేయక 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

"ప్రభువా, నా బిడ్డను మార్చుము" అని మేరీ నాలుగేండ్లు ప్రార్థించింది. ఈ రాత్రి మీ ఇంట కుటుంబ ప్రార్థనలో, "ప్రభువా, నా బిడ్డ మాట వినడానికి నాకు చెవి ఇమ్ము" అని అడిగి చూడండి. ఆమేన్ చెప్పిన తర్వాత, దూరాన ఉన్న ఆ బిడ్డకు ఒక ఫోను చేయండి. అన్నం తిన్నావా అని అడిగినా చాలు.