పైన గరప, కింద ఊట

గోదావరి లంకల్లో పిడికెడు మట్టి తీసి, తడిపి, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. ముద్ద కడుతుంది గానీ రిబ్బనులా సాగదీయబోతే అంగుళం రాకముందే తెగిపోతుంది. మన వ్యవసాయ పుస్తకాలు దీన్ని ఇసుక గరప నేల అంటాయి. తూకం వేస్తే ఇందులో సాధారణంగా సగానికి పైగా ఇసుకే; మిగిలినదాంట్లో ఎక్కువ పాలు ఒండ్రు, బంకమన్ను నూటికి 20 పాళ్లు దాటదు. ఇసుక రేణువు 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటరు దాకా ఉంటే, బంక రేణువు 0.002 మిల్లీమీటరు కంటే చిన్నది. రేణువు పెద్దదైతే సందూ పెద్దదే కాబట్టి నీరు చప్పున దిగిపోతుందనీ, వేరుకు గాలి ఆడుతుందనీ, ఇలాంటి చేనుకు మురుగు బాధ ఉండదనీ ఎవరైనా అనుకుంటారు. మట్టిని నలిపి చెప్పే ఈ తీర్పులో సగమే నిజం. ఏటి ఒడ్డున వరద ముంచే పల్లంలో ఇదే ఇసుక గరప నేల ఏడాదిలో కొన్ని నెలలు జౌకుగా ఉండగలదు. ఆ సంగతి తెలుసుకోవడానికి మీటరు లోతు గుంత తవ్వి చూడటం తప్ప దగ్గరి దారి లేదని నా వాదన.

మనం రెండు వేర్వేరు గుణాలను ఒకటిగా కలిపేస్తున్నాం. రేణువుల పాళ్లు నీరు ఎంత వేగంగా కదలగలదో చెబుతాయి. మురుగు నిలవడమన్నది ఆ నీటికి పోయే చోటు ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. చెరువులో ముంచిన వెదురు బుట్టకు ఎన్ని కంతలున్నా అది ఖాళీ కాదు. ఇసుక గరపలో నీరు గంటకు రెండు మూడు సెంటీమీటర్లు దిగగలిగినా, కింద అడుగున్నర లోతులోనే ఊటనీరు నిండి ఉంటే ఆ వేగంతో ప్రయోజనం లేదు. అమెరికా నేలల సర్వేలో అందుకే రేణువుల పాళ్లను ఒక పేరుతోనూ, నీరు పోయే తీరును వేరే పేరుతోనూ రాస్తారు. రెండోదానికి ఏడు మెట్లున్నాయి: నీరు అసలు ఆగని నేల మొదటి మెట్టు, ఏడాదిలో ఎక్కువ కాలం పైదాకా నీరు నిలిచే నేల ఏడోది. ఇక్కడ మాట్లాడుకుంటున్న నేల వీటిలో ఐదో మెట్టు. పూర్తిగా బురద కాదు, అలాగని మెట్టలా ఎప్పుడూ పొడిగానూ ఉండదు. పైరు పెరిగే కాలంలో మాత్రం చాలా రోజులు అడుగు, అడుగున్నర లోతులో నీటి మట్టం తగులుతుంది. నడుస్తుంటే పాదానికి తడి తెలియదు, వేరుకు తెలుస్తుంది. ఏడు మెట్లలోనూ మనిషిని ఎక్కువగా మోసం చేసేది ఈ మధ్యస్థపు తడే. బురద నేలను చూసి ఎవరూ పొరబడరు.

ఏటి ఒడ్డుకు ఈ గుణం ఎందుకు వస్తుందో చూడాలంటే వరద మట్టిని ఎలా పరుస్తుందో చూడాలి. నీరు గట్టు పొర్లగానే వేగం తగ్గుతుంది. బరువైన ఇసుక ఒడ్డు దగ్గరే రాలిపోతుంది, ఒండ్రు ఇంకొంత దూరం పోతుంది, బంక చివరికి నీరు నిలిచిన పల్లంలో పేరుకుంటుంది. మరుసటి వరద వేరే బలంతో వచ్చి వేరే మట్టిని దానిమీద వేస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. మామూలు ఏడాదిలో వచ్చే ప్రవాహానికీ వీటికీ పోలికే లేదు కాబట్టి అవి వదిలిన పొరలూ ఒక్క తీరుగా ఉండవు. అందుకే లంకలో గుంత తీస్తే పొరల దొంతర కనిపిస్తుంది: జానెడు గరప, దాని కింద నాలుగు వేళ్ల ముతక ఇసుక మేట, ఆ కింద పలుచని బంక పొర, ఇంకా కింద ఒకప్పటి పైమట్టి నల్లగా పూడిపోయి. మామూలు నేలలో సేంద్రియ కర్బనం లోతుకు పోయేకొద్దీ క్రమంగా తగ్గుతుంది. ఇక్కడ తగ్గి, మళ్లీ పెరిగి, మళ్లీ తగ్గుతుంది. నేల శాస్త్రజ్ఞులు ఏటి మట్టిని గుర్తుపట్టే ఆనవాళ్లలో ఇదొకటి.

ఈ దొంతరలో బంక పొర నీటిని ఆపుతుందంటే ఎవరైనా ఒప్పుకుంటారు. ముతక ఇసుక పొర కూడా ఆపుతుందంటే నమ్మబుద్ధి కాదు గానీ అది నిజం. సన్నని సందులు నీటిని గట్టిగా పట్టుకుంటాయి. పెద్ద సందులకు ఆ పట్టు లేదు. అందువల్ల గరపలోని నీరు కింది ముతక ఇసుకలోకి జారాలంటే, పై పొర దాదాపు పూర్తిగా నానిపోయేదాకా ఆగాలి. అంతవరకూ నీరు పై పొరలోనే వేలాడుతుంది. కింద ఇసుక ఉంది, మురుగు దానంతటదే పోతుందిలే అని ధీమాగా ఉన్న చోట తడి నిలవడానికి ఇదొక కారణం. దీనికి ఊట తోడవుతుంది. నది మట్టం పెరిగినప్పుడు నీరు గట్టు దాటనక్కర్లేదు, ఇసుక పొరల గుండా పక్కకు పాకి చేను కిందికి వస్తుంది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కుల దగ్గర ఎగురుతుంది. వేళ్ల కింద నీరు అంతకంటే ముందే ఎక్కి ఉండవచ్చు. పైగా నీటి మట్టం 45 సెంటీమీటర్ల లోతున ఉందంటే పైనున్న 45 సెంటీమీటర్లూ ఆరి ఉన్నాయని కాదు. మిల్లీమీటరులో పదో వంతు వెడల్పున్న సందు నీటిని 30 సెంటీమీటర్లు పైకి లాగగలదు. లెక్క కడితే పూర్తిగా గాలాడే మట్టి పైన జానెడు కూడా మిగలదు.

ఇంత తడి నిజంగా ఉందనడానికి సాక్ష్యం ఏమిటని అడగవచ్చు. వేసవిలో గుంత తవ్వితే నీటి చుక్క కనిపించకపోవచ్చు. సాక్ష్యం మట్టి రంగులో ఉంటుంది. నేల నీటితో నిండితే ఆక్సిజన్ రావడం దాదాపు ఆగిపోతుంది, ఎందుకంటే అది గాలిలో కంటే నీటిలో సుమారు పది వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఉన్న ఆక్సిజన్ అయిపోయాక నేలలోని సూక్ష్మజీవులు ఊపిరికి ప్రత్యామ్నాయం వెతుక్కుంటాయి. ముందు నైట్రేటును వాడతాయి, తరువాత మాంగనీసును, ఆ తరువాత ఇనుమును. మట్టికి ఎరుపు, పసుపు రంగులిచ్చేది రేణువుల మీద పూతలా ఉండే ఇనుమే. సూక్ష్మజీవులు దాన్ని మార్చినప్పుడు అది రంగు పోగొట్టుకుని నీటిలో కరిగి కదులుతుంది. పూత పోయిన చోట మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ ఇనుము గాలి తగిలే వేరు కంతనో పగులునో చేరగానే మళ్లీ తుప్పు పడుతుంది. బూడిద రంగు నేలలో నారింజ రంగు తుప్పు మచ్చలు, అక్కడక్కడా మాంగనీసు నల్ల చుక్కలు కనిపించాయంటే ఆ లోతులో తడి, ఆరుదల ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయని అర్థం. ఒక్కరోజు కొలిచిన నీటి మట్టం ఆ రోజు సంగతే చెబుతుంది. ఈ మచ్చల్లో ఎన్నో ఏళ్ల తడి లెక్క ఉంది.

రంగును ఇంతగా నమ్మవచ్చా అన్న అభ్యంతరం బలమైనదే. గోదావరి నాసిక్ దగ్గర పుట్టి దక్కను నల్లరాతి పీఠభూమి మీదుగా దిగుతుంది; ఆ రాయి అరిగి వచ్చే మట్టి పుట్టుకతోనే ముదురు రంగు. దాన్ని నీటి ముద్ర అనుకుంటే తప్పే. అందుకే ఒక్క బూడిద రంగును చూసి తీర్పు చెప్పకూడదు. బూడిద, తుప్పు పక్కపక్కనే ఉన్నాయా, లోతుకు పోయేకొద్దీ బూడిద పాలు పెరుగుతోందా అన్నవి చూడాలి. పుట్టు రంగు అలా మచ్చలుగా విడిపోదు. రెండో అభ్యంతరం ఇంకా సూక్ష్మమైనది. ఆనకట్టలు, ఏటిగట్లు, ఎగువ జలాశయాలు వచ్చాక నది నడక మారింది. ఈ మచ్చలు పాత రోజులవి అయి ఉండవచ్చు కదా? నిజమే, ఇనుప మచ్చ ఒకసారి గట్టిపడితే ఎన్నో ఏళ్లు నిలుస్తుంది. అయితే పాత మచ్చకు అంచు కోసినట్టు ఉంటుంది, ఇప్పటికీ తయారవుతున్న మచ్చ అంచు చుట్టూ మట్టిలోకి పలచబడి కలిసిపోతుంది. బతికున్న వేరు చుట్టూ తుప్పు పూత ఉందంటే అది నిన్నమొన్నటిదే. అప్పటికీ సందేహం తీరకపోతే కంతలు చేసిన ప్లాస్టిక్ గొట్టాన్ని మీటరున్నర లోతు దించి, వానాకాలమంతా వారానికోసారి కర్ర ముంచి కొలుచుకోవచ్చు.

పంట విషయానికొస్తే ఈ నేల చేసే హాని విచిత్రమైనది. వానాకాలంలో ఊట పైకి రావడంతో వేరు లోతుకు దిగలేక పైపైనే అల్లుకుంటుంది. ఇసుక గరప మీటరు లోతున పైరుకు అందించగలిగే నీరు 100 నుంచి 140 మిల్లీమీటర్లు. వేరు 40 సెంటీమీటర్లకే ఆగిపోతే అందేది 40 నుంచి 55 మిల్లీమీటర్లే. ఊట దిగిపోయిన వేసవిలో రోజుకు ఐదారు మిల్లీమీటర్లు ఆవిరయ్యే చోట అది ఎనిమిది, తొమ్మిది రోజులకు సరిపోతుంది. అంటే వానాకాలపు మురుగు వేసవిలో కరువుగా తేలుతుంది. వాడిన మొక్కను చూసిన రైతు నీరు చాలలేదనుకుంటాడు గానీ, దాని వేరును జులై, ఆగస్టుల్లోనే తడి కుదించేసిందని ఎలా అనుకుంటాడు? ఎరువు సంగతీ ఇంతే. సూక్ష్మజీవులు నైట్రేటును ఊపిరికి వాడేసుకుంటే నత్రజని గాలిలో కలిసిపోతుంది, కొంత ఇసుక గుండా కిందికి కొట్టుకుపోతుంది. ఒకేసారి వేసిన యూరియాలో పైరుకు దక్కేది తక్కువ. వరికి వేళ్లదాకా గాలి మోసే గొట్టాలున్నాయి కనుక అది తట్టుకుంటుంది. పసుపులో దుంపకుళ్లు మొదలయ్యేది ఇలాంటి తడిలోనే. అరటి వేరు కూడా నిలిచిన నీటిని ఎక్కువ రోజులు ఓర్వదు.

మురుగు కాలువ తీస్తే సరిపోదా అంటే, కొంతవరకు సరిపోతుంది. ఇసుక గరపలో నీరు సులువుగా కదులుతుంది కాబట్టి కాలువకు బంక నేలలో కంటే త్వరగా స్పందిస్తుంది. కానీ కాలువ నీరు పడే పాయ మట్టం చేను కంటే కిందికి ఉండాలి. నది నిండుగా ఉన్న వారాల్లో ఆ తేడా ఉండదు, కాలువే ఎదురు తన్నుతుంది. మరీ లోతుగా తీస్తే వేసవిలో పైరును ఆదుకునే ఊట కూడా పోతుంది. వేరు లోతుకు దిగని మొదటి ఏడాది ఆ నష్టం ఎక్కువ. లంక నేలకు ఉన్న పెద్ద వరం ఆ ఊటే. దాన్ని పూర్తిగా పోగొట్టుకునే మరమ్మతు మరమ్మతు కాదు. వానాకాలంలో మట్టాన్ని వేరు కింద అదుపులో ఉంచే లోతు తక్కువ కాలువలు, ఎత్తు బోదెలు, ఎరువును విడతలుగా వేయడం, నది తగ్గాక రబీలో మిగిలిన పదును మీద పంట ఎంచుకోవడం ఈ నేల స్వభావానికి దగ్గరగా ఉండే పద్ధతులు.

2015లో మొదలైన భూసార కార్డుల పథకంలో 12 అంశాలు కొలుస్తారు: ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, సూక్ష్మపోషకాలు. నమూనా తీసేది నాగలి దిగే లోతులో, జానెడు మేర. పోషకాల మట్టుకు ఆ కార్డు చెప్పేది అవసరమే, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ పన్నెండింటిలో ఒక్కటీ నీరు ఏ లోతులో ఎన్నాళ్లు ఉంటుందో చెప్పదు. జింకు లోపాన్ని చూపిన కార్డు, ఆ లోపంలో మురుగు వాటా ఎంతో చూపలేదు. ఇళ్లకూ ఇదే చిక్కు. ఇసుక నేల కదా, ఇంకిపోతుందని మరుగుదొడ్డి గుంత తవ్వితే, వడకట్టడానికి చాలినంత ఆరిన మట్టి కింద లేనప్పుడు మురుగు నేరుగా ఊటలో కలుస్తుంది. పక్కనే చేతిపంపు ఉంటుంది. నేను కోరేదల్లా కార్డు మీద ఇంకొక్క వరుస. మట్టి నమూనా తీసే మనిషి అదే చోట పారతో మీటరు లోతు గుంత తీసి, తుప్పు మచ్చలు ఎన్ని సెంటీమీటర్ల దగ్గర మొదలయ్యాయో టేపుతో కొలిచి రాయాలి. లంకలో మెరకకూ దాని పక్క పల్లానికీ వంద అడుగుల దూరమే ఉండవచ్చు. మెరకన ఆ అంకె 90 ఉన్నా పల్లంలో 30 ఉండవచ్చు. 30 వచ్చిన చోట పసుపు విత్తనం కొనే ముందే ఆలోచించుకోవాలి.