వార్తల్లో పదం: నాడీవైవిధ్య ప్రాతినిధ్యం

ఆటిజం, డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ వంటి మెదడు పనితీరు భేదాలను నాడీవైవిధ్యం అంటారు. ఆ భేదాలున్నవారికీ ఇతర వికలాంగ విద్యార్థులకూ విద్యార్థి సంఘాల కార్యవర్గాలలో చోటు కల్పించడం ఈ ప్రాతినిధ్యం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచి, ఆటిజాన్నీ అభ్యసన వైకల్యాలనూ చేర్చింది (ఏడీహెచ్‌డీకి మాత్రం జాబితాలో పేరు లేదు). 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లనూ, ప్రవేశ వయసులో ఐదేళ్ల సడలింపునూ ఇచ్చింది.

చిక్కంతా ఆ సడలింపు దగ్గరే వస్తుంది. విద్యార్థి సంఘాల ఎన్నికలకు 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న లింగ్డో కమిటీ నిబంధనలు సాధారణ డిగ్రీ అభ్యర్థి వయసును 22 ఏళ్లకు పరిమితం చేసి, కనీసం 75 శాతం హాజరు ఉండాలనీ, బ్యాక్‌లాగ్‌లు ఉండరాదనీ విధించినందున, చట్టమిచ్చిన వెసులుబాటుతో 23వ ఏట చేరిన విద్యార్థి ఓటు వేయగలడు గాని పోటీ చేయలేడు. చికిత్స కోసం తరగతులు మానినవారికీ అదే గతి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర నిలిచిపోయిన క్యాంపస్ ఎన్నికలు తిరిగి రానందున, విజయవాడ గవర్నర్‌పేట పరిసరాల కళాశాలలలో ఈ ప్రశ్న తలెత్తే అవకాశమే తక్కువ. సంఘం ఎన్నికలు జరిగే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల అది నిజమైన ప్రశ్నే. వికలాంగుల ప్రాతినిధ్యం కోసం తమిళనాడు 2025లో స్థానిక సంస్థలకు వారిని నామినేట్ చేసే మార్గం ఎంచుకుంది గాని, నామినేషన్ పోటీ హక్కుకు ప్రత్యామ్నాయం కాదు.