వినబడు పలుకులు

గ్రామ పెద్దలారా,

ఎవరును లేనిచోట ఎవరో మాటలాడుచున్నారని చెప్పు మనుష్యుడు మీ యూరిలో నుండవచ్చును. గాలి సోకినదని కొందరు, బాణామతి యని కొందరు నందురు. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములవా రట్టివానిని కొండగట్టు అంజన్న సన్నిధికి గొనిపోయి నలువది దినము లుంచుట చిరకాలముగ నున్న యాచారము. దేవుని దర్శింపవలదని నేను జెప్పను; అచ్చటికి బోయినను మందు మానిపింపకుడని మాత్రము మనవి చేయుదును.

ఇది స్కిజోఫ్రీనియా యను వ్యాధి కావచ్చును. ప్రపంచమున సుమారు 300 మందిలో నొకరికి గలదు. పలుకులు రోగికి నిజముగనే వినబడును గనుక, “ఏమియు లేదు, ఊరకుండు” మని గద్దించుట వ్యర్థము. ఆ పలుకేమి చెప్పుచున్నదో మెల్లగ నడుగవలెను. అడిగినచో లేని తలంపు పుట్టునను భయము వలదు. ఊరక గొణుగుచున్నదా? తిట్టుచున్నదా? “బావిలో దూకు” మని యాజ్ఞాపించుచున్నదా? ఆజ్ఞయైనచో ఆ గొంతు ఎవరిదని రోగి నమ్ముచున్నాడు? కాదనగలడా? మునుపెన్నడైన లోబడెనా? దేవుడే పలుకుచున్నాడని నమ్మి, ఒకసారి లోబడినవాని విషయమున నొక్కదినమైనను జాగు చేయరాదు. నిద్రలేమి, గుడుంబా, మందు మానుట ప్రమాదమును పెంచును.

ఇట్టివాడు పరులను జంపునని జనులు వెరతురు. చాలమంది రోగులు ఎవరికిని హాని చేయరు. వారి ప్రాణమునకే యెక్కువ భయము. పత్తి పండించు మన యిండ్లలో పురుగుమందు డబ్బా మంచము క్రిందనే యుండును! ముందుగ దానిని తాళములో బెట్టించుడు.

మఱియొక ప్రమాదము కలదు. పొరుగింటి ముసలమ్మయే తనకు చేతబడి చేసినదని పలుకు చెప్పినట్లు రోగి యనును. ఊరు దానిని సాక్ష్యముగ దీసికొన్నచో నిరపరాధి ప్రాణము పోవును. ఆ మాట రచ్చకట్ట కెక్కక మునుపే ఆపగలవారు మీరు.

గొలుసులతో గట్టుట రక్షణ యనుకొనకుడు. తమిళనాటి ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న గొలుసులలో నున్న 28 మంది రోగులు మంటలలో మరణించిరి. 2017 నాటి చట్టము గొలుసులను నిషేధించినది.

జిల్లా కేంద్రమందలి పెద్దాసుపత్రికో, హైదరాబాదు ఎఱ్ఱగడ్డకో రోగిని దీసికొనిపొండు. రాత్రివేళ నేమియు తోచనిచో 14416కు ఫోను చేయుడు. ఈ ప్రభుత్వ సేవ 2022 నుండి కలదు, రుసుము లేదు. ఫోను చేయునప్పు డొకరు రోగి ప్రక్కనే యుండవలెను.