వెల్డింగ్ గ్యాసుతో లేజర్

మిర్యాలగూడ రైసుమిల్లుల చుట్టుపక్కల వెల్డింగ్ షాపుల్లో కార్బైడ్ మీద నీళ్లు పడగానే ఘాటు వాసనతో పొంగే గ్యాసు ఎసిటిలీన్. నిడమనూరులో కాంతి పాఠం చెబుతుంటే ఒక పిల్లాడు అడిగాడు: "సార్, ఆ గ్యాసుతోటి లేజర్ వస్తదా?"

వస్తుంది. అదీ 3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర, కంటికి కనబడని పరారుణంలో. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి మడుల్లో పుట్టే మీథేన్ గట్టిగా పీల్చుకునే కాంతి కూడా ఆ పక్కనే, 3.3 దగ్గర ఉంటుంది. ఈ లేజర్‌ను ఫైబర్‌లో చేయాలంటే చిక్కల్లా గాజుతోనే. ఇంటర్నెట్ ఫైబర్‌లో 1.5 మైక్రాన్ల కాంతిని కిలోమీటర్ల కొద్దీ మోసే గాజు, 3 మైక్రాన్ల కాంతిని మాత్రం మింగేస్తుంది. అందుకే నడుమ గాజు లేని ఫైబర్ కావలసి వచ్చింది. 1999లో ఇంగ్లండ్‌లోని బాత్‌లో ఫిలిప్ రస్సెల్ బృందం అలాంటి బోలు ఫైబర్ చేసి చూపించింది. చుట్టూ ఉన్న పల్చటి గాజు గోడలు కాంతిని లోపలికే తిప్పికొడతాయి. కాంతి దాదాపు మొత్తం ఖాళీలోనే నడుస్తుంది. ఆ ఖాళీలో గ్యాసు నింపితే, కాంతి చెదరకుండా మీటర్ల పొడవునా దాన్ని తాకుతూనే పోతుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. ఎసిటిలీన్ అణువులో రెండు కార్బన్లు మధ్యన, రెండు హైడ్రోజన్లు చివర్లలో, అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. చివరలు రెండూ ఒకేసారి సాగి ఒకేసారి ముడుచుకోవడం ఒక ఊపు. ఒకటి సాగుతుంటే రెండోది ముడుచుకోవడం మరో ఊపు. 1.53 మైక్రాన్ల కాంతి తగిలితే రెండు ఊపులూ కలిసి మొదలవుతాయి. అప్పుడు అణువు రెండో ఊపును మాత్రం వదిలేస్తుంది. అదే 3.1 మైక్రాన్ల కాంతిగా బయటికొస్తుంది. మొదటి ఊపు అణువులోనే మిగిలిపోతుంది. మామూలు వేడిమిలో ఆ ఒక్క ఊపుతో ఉండే అణువులు దాదాపు ఉండవు. అంటే కాంతి వదిలాక అణువు దిగే కింది మెట్టు ముందే ఖాళీ. కాబట్టి కొద్ది అణువులను పైకెక్కించినా లేజర్‌కు కావలసిన తలకిందుల లెక్క, అంటే కింది మెట్టు కన్నా పై మెట్టు మీద ఎక్కువ అణువులు ఉండటం, కుదిరిపోతుంది. మిగిలిన ఊపు రెండు వైపులా సమానం కనుక కాంతిగా పోవడం కుదరదు. గోడకో, పక్క అణువుకో తగిలి వేడిగా పోవాలి. ఇచ్చిన శక్తిలో సుమారు సగం అలా చేజారుతుంది.

2011లో అమెరికాలోని కాన్సాస్ స్టేట్, న్యూ మెక్సికో విశ్వవిద్యాలయాలు, ఫెటా బెనాబిద్ బృందంతో కలిసి బోలు ఫైబర్‌లో ఈ ఎసిటిలీన్ లేజర్‌ను చేసి చూపించాయి. గ్యాసు పీడనం వాతావరణ పీడనంలో నూరో వంతు, అద్దాలు లేవు. 2016లో బాత్ వాళ్లు కాంతిని మళ్లీ మళ్లీ తిప్పి, డయోడ్ లేజర్‌తోనే నడిపించారు. తర్వాత గ్యాసు మారిస్తే రంగు మారింది: హైడ్రోజన్ బ్రోమైడ్‌తో 4 మైక్రాన్లు, కార్బన్ డయాక్సైడ్‌తో 4.3.