గ్రహణం అక్కర్లేని దుర్బిణి

1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం. ఐదు నిమిషాలకు పైగా పట్టపగలు చీకటి. దానికోసమే ఫ్రాన్సు నుంచి వచ్చిన జూల్ జాన్సెన్ ఊళ్లో ఒక ఫ్రెంచి వ్యాపారి ఇంట్లో మకాం పెట్టి దుర్బిణి, స్పెక్ట్రోస్కోపు బిగించుకున్నాడు. చంద్రుడు బింబాన్ని పూర్తిగా కప్పగానే అంచు వెంట ఎర్రటి జ్వాలలు లేచి కనిపించాయి. ప్రామినెన్సులు అంటాం వాటిని. ఆ వెలుగును స్పెక్ట్రోస్కోపులోకి పంపితే ఇంద్రధనుస్సు పట్టీ రాలేదు, విడివిడిగా కొన్ని మెరిసే గీతలు వచ్చాయి. ఘనపదార్థమైతే పట్టీ రావాలి. గీతలొచ్చాయంటే అది వేడెక్కిన వాయువు. అందులో ఎర్రగీతా, నీలిగీతా హైడ్రోజన్‌వి.

ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, వీటిని చూడడానికి గ్రహణం ఎందుకు అన్న ఆలోచన జాన్సెన్‌కు అక్కడికక్కడే వచ్చింది. ఆ రోజు మబ్బులు అడ్డుపడ్డాయి. మర్నాడు ఉదయం స్పెక్ట్రోస్కోపు చీలికను సూర్యబింబం అంచుకు ఆనించి చూశాడు. పూర్తి ఎండలో, నిన్నటి ఎర్రగీత ఎదురుగా వెలుగుతోంది! ఆ తర్వాత రెండు వారాలకు పైగా గుంటూరులోనే ఉండి రోజూ ప్రామినెన్సులను చూశాడు. సెప్టెంబరు 19న కాకినాడ నుంచి ప్యారిస్‌లోని సైన్సు అకాడమీకి ఉత్తరం రాశాడు. ఈలోగా ఇంగ్లండులో నార్మన్ లాకియర్, గ్రహణం సంగతి లేకుండానే, అక్టోబరు 20న ఇదే పని చేసి చూపించాడు. ఇద్దరి కబుర్లూ అక్టోబరు 26న ఒకే సమావేశంలో అకాడమీ ముందుకొచ్చాయి. ఫ్రెంచివాళ్లు ఇద్దరి ముఖాలనూ పక్కపక్కన పెట్టి పతకం ముద్రించారు.

గుంటూరు గ్రహణం అనగానే మనవాళ్లు హీలియం కథ చెబుతారు. నిజానికి ప్రామినెన్సుల వెలుగులోనే ఉన్న హీలియం పసుపుగీత సోడియంది కాదని తేల్చినవాడు లాకియర్. అదే వాయువు భూమ్మీద రసాయనవేత్త రామ్సే చేతికి చిక్కింది 1895లో. మన గుంటూరుకు దక్కాల్సిన అసలు గౌరవం ఆగస్టు 19 ఉదయానిదని నా నమ్మకం. గ్రహణం అక్కర్లేకుండా సూర్యుడి పైపొరను చూసే పద్ధతి ఆ ఉదయం పుట్టింది. ఇవాళ డాబా మీద స్టాండు బిగించి, హైడ్రోజన్ ఆల్ఫా దుర్బిణితో సూర్యుణ్ణి ఫోటో తీసేవాళ్లందరి చేతిలో ఉన్నది ఆ పద్ధతి వారసత్వమే.

దాని కిటుకు ఇది. ప్రామినెన్సులు రోజూ అక్కడే ఉంటాయి. పగటి ఆకాశంలో చెదిరిన తెల్లని ఎండే వాటిని ముంచేస్తుంది. తెల్లని వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి స్పెక్ట్రోస్కోపు దాన్ని ఎంత పొడవుగా పరిస్తే అంత పలచబడుతుంది. ప్రామినెన్సు వెలుగు కొద్ది రంగుల్లోనే ఉంది, దాన్ని పరవడానికి లేదు, పలచబడదు. ఆకాశం మసకబారుతుంది, గీత నిలబడుతుంది. ఈ యంత్రం చరిత్రంతా అక్కర్లేని వెలుగును పారేయడంలో చెయ్యి తిరగడమే. మామూలు దుర్బిణికి ఎంత వెలుగు పోగుచేస్తే అంత గొప్ప. దీని గొప్పంతా ఎంత వదిలేసిందన్నదానిలో ఉంది.

ఎంత వదులుతుందో లెక్క చూద్దాం. హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్ మూడో స్థాయి నుంచి రెండో స్థాయికి దిగినప్పుడు వెలువడే ఎరుపు 656.28 నానోమీటర్లది. దాని పేరే హైడ్రోజన్ ఆల్ఫా. మన కంటికి కనిపించే వెలుగు దాదాపు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా పరుచుకుని ఉంది. నేటి మంచి దుర్బిణి అందులో 0.07 నానోమీటర్ల ముక్కను మాత్రమే ఉంచుకుంటుంది, నాలుగువేల పైచిలుకు వంతుల్లో ఒక్క వంతు. సూర్యుడి కింది పొర, అంటే ఫోటోస్ఫియర్ నుంచి వచ్చే తెల్లని ఎండలో సరిగ్గా ఈ రంగు దగ్గర గండి ఉంటుంది. దాని పైపొర క్రోమోస్ఫియర్‌లోని హైడ్రోజన్ దాన్ని మింగేస్తుంది కనుక. ఆ గండిలో మిగిలిన కాస్త వెలుగు క్రోమోస్ఫియర్‌ది. గండి వెడల్పు సుమారు 0.1 నానోమీటర్. ఫిల్టర్ అంతకంటే వెడల్పయితే రెండు పక్కల నుంచీ కింది పొర వెలుగు చొరబడి బింబం మీది వివరాలన్నిటినీ తుడిచేస్తుంది.

గుంటూరు తర్వాత జాన్సెన్, లాకియర్‌లకు కనబడింది గీతే, ఆకారం కాదు. 1869లో విలియం హగ్గిన్స్ స్పెక్ట్రోస్కోపు చీలికను వెడల్పు చేసి మొదటిసారి ప్రామినెన్సు ఆకారం మొత్తాన్ని చూశాడు. ఆపైన చాలా ఏళ్లు ఇటలీలో, ఇంకా పలుచోట్ల, ఖగోళవేత్తలు పూటపూటా అంచు చుట్టూ తిరిగి పెన్సిలుతో బొమ్మలు వేసుకున్నారు. ఫోటో తీద్దామంటే అప్పటి ఫోటో ప్లేట్లకు ఎరుపు కనబడదు.

ఆ దశను దాటించినవాడు అమెరికా ఖగోళవేత్త జార్జ్ ఎలరీ హేల్. 1889లో షికాగో వీధుల్లో ట్రామ్‌లో వెళుతుండగా ఆలోచన తట్టిందట. సూర్యబింబం మీద ఒక చీలిక, స్పెక్ట్రంలో కోరుకున్న గీత మీద ఇంకో చీలిక. మొదటిది బింబం మీదుగా జరుగుతుంటే రెండోదాని వెనక ప్లేటు మీద ఒక్క రంగులో సూర్యుడు వరసవరసగా అచ్చవుతాడు. దీనికే స్పెక్ట్రోహీలియోగ్రాఫ్ అని పేరు. 1891లో కెన్‌వుడ్‌లో, ఇంటి పక్కనే తండ్రి కట్టించి ఇచ్చిన అబ్జర్వేటరీలో దాన్ని నడిపించాడు. ఫ్రాన్సులో ఆన్రీ దెలాండ్ర్ విడిగా ఇదే యంత్రం తయారుచేశాడు. ఎరుపును పట్టే ప్లేట్లు వచ్చాక, 1908లో మౌంట్ విల్సన్ మీద హేల్ హైడ్రోజన్ ఆల్ఫాలో బొమ్మలు తీస్తే సూర్యమచ్చల చుట్టూ సుళ్లు తిరుగుతున్న వాయువు కనిపించింది. అయస్కాంత క్షేత్రం ఉండి ఉండాలని ఊహించి, అదే ఏడాది మచ్చల వెలుగులో దాని జాడ పట్టుకున్నాడు. భూమికి బయట అయస్కాంత క్షేత్రం దొరకడం అదే మొదటిసారి. ఆ దారి చూపించింది ఎర్రరంగు ఫోటో.

ఈ కథలో ఔత్సాహికులకు మొదటినుంచీ చోటుంది. జాన్ ఎవర్షెడ్ ఇంగ్లండులో ఉద్యోగం చేసుకుంటూ, సొంతంగా స్పెక్ట్రోహీలియోగ్రాఫ్ కట్టుకుని, తీరికవేళల్లో సూర్యుణ్ణి పరిశీలించినవాడే. 1907లో కొడైకెనాల్ అబ్జర్వేటరీకి వచ్చాడు. రెండేళ్లలో, మచ్చల నుంచి వాయువు బయటికి ప్రవహిస్తోందని కనుక్కున్నాడు. ఎవర్షెడ్ ప్రభావం అని పుస్తకాల్లో ఉన్నది అదే. ఆయన భార్య మేరీ కూడా అక్కడే ప్రామినెన్సుల మీద లోతుగా పనిచేసింది. కొడైకెనాల్‌లో నూరేళ్లకు పైబడి పోగైన సూర్యుడి ప్లేట్లు ఇవాళ ప్రపంచానికే ఆస్తి.

అయితే హేల్ యంత్రం ఒక గదంత. ఫిల్టర్ అనే ఆలోచన 1933లో ఫ్రెంచి ఖగోళవేత్త బెర్నార్ లియో నుంచి వచ్చింది: స్ఫటికం బిళ్లలు, పోలరాయిడ్ పలకలు ఒకదాని వెనక ఒకటి, ప్రతి బిళ్లా ముందుదానికి రెట్టింపు మందం. చీలిక లేదు, జరపడం లేదు, సూర్యుడంతా ఒకేసారి ఒక్క రంగులో. ప్రామినెన్సులు ఎగసి, వంగి, కూలడాన్ని లియో సినిమాగా కూడా తీశాడు. కాని ఆ ఫిల్టర్ ధర, ఉష్ణోగ్రత కదలకుండా కాపాడే తిప్పలు మామూలు మనిషికి అందేవి కావు.

చివరికి డాబా మీదికి తెచ్చింది ఎటలాన్. ఫ్రాన్సులోనే, 19వ శతాబ్దం చివర, చార్ల్స్ ఫాబ్రీ, ఆల్‌ఫ్రెడ్ పెరో తయారుచేసిన పరికరం అది. బాగా చదును చేసిన రెండు గాజుపలకలకు లోపలివైపు సగం అద్దంలా పూత వేసి, సమాంతరంగా ఎదురెదురు పెడతారు. మధ్య ఖాళీ, సూర్యుడి కోసం చేసేవాటిలో, సుమారు 0.2 మిల్లీమీటర్. వెలుగు ఆ ఖాళీలో అటూ ఇటూ తగిలి తిరుగుతుంది. ఖాళీ కొలతకు సరిపడే తరంగాలు ఒకదానికొకటి బలమిచ్చుకుని బయటపడతాయి, మిగతావి వెనక్కి పోతాయి. అలా బయటపడేవి దువ్వెన పళ్లలా వరసగా, ఒక్కో నానోమీటర్ దూరంలో ఉంటాయి. వాటిలో 656.28 దగ్గరి పన్నును ఉంచి మిగతావాటిని ఆపేది వెనకనున్న బ్లాకింగ్ ఫిల్టర్. పలకల సమాంతరంలో కొన్ని నానోమీటర్లు తేడా వచ్చినా బొమ్మ పాడవుతుంది. ఖరీదంతా ఆ పనితనానిదే.

1970ల నుంచీ అమెరికాలో డేస్టార్ సంస్థ అభ్రకం పలకతో చేసిన ఎటలాన్లు అమ్మింది. అభ్రకాన్ని వేడిచేసి సరైన రంగుకు తెస్తారు. తర్వాత డేవిడ్ లంట్ అరిజోనాలో పెట్టిన కొరోనాడో సంస్థ గాలి ఖాళీ ఉన్న ఎటలాన్లు చేసి, 2004లో పీఎస్‌టీ అనే చిన్న దుర్బిణి తెచ్చింది. 40 మిల్లీమీటర్ల కటకం, అప్పటి ధర 499 డాలర్లు. ఈ చిన్న గొట్టాన్ని నేను లియో ఫిల్టర్ పక్కన నిలబెడతాను. అబ్జర్వేటరీ గోడల మధ్య ఉన్న సూర్యుణ్ణి జనం మధ్యకు తెచ్చింది ఇదే. మరుసటి ఏడాది ఆరంభంలోనే లంట్ చనిపోయాడు.

ఇలాంటి దుర్బిణిలో చూస్తే సూర్యుడు తెల్లని పళ్లెం కాడు. బింబమంతా నూగు. మచ్చల చుట్టూ అయస్కాంత రేఖల వెంట దువ్వినట్టున్న పోగులు. అంచున ప్రామినెన్సు. అదే వాయువు బింబానికి అడ్డంగా వస్తే నల్లని తాడులా కనిపిస్తుంది, అప్పుడు పేరు ఫిలమెంట్. ఒక్కోసారి ఆ ఫిలమెంట్ చూస్తుండగానే మాయమవుతుంది. అది పోలేదు, మనవైపు దూసుకొస్తోంది. సెకనుకు 46 కిలోమీటర్ల వేగమైతే దాని గీత 0.1 నానోమీటర్ జరిగి, ఫిల్టర్ ఉంచుకున్న ముక్క నుంచి బయటికి పోతుంది. ఎటలాన్‌ను కాస్త వంచో, లోపలి గాలి పీడనం మార్చో, వేడి మార్చో దాన్ని వెతికి పట్టుకోవాలి. ట్యూనింగ్ అనేది అందుకే అలంకారం కాదు, పరిశీలనలో సగం.

ఫోటోకు నలుపు తెలుపు కెమెరా మేలు. రంగుల కెమెరాలో నాలుగు పిక్సెళ్లకు ఒక్కటే ఎరుపుది, మిగతా మూడింటికీ ఇక్కడ దాదాపు పని లేదు. ఒక్క ఫోటో తీయరు, వీడియో తీస్తారు. గాలి కదలికకు బొమ్మ వణుకుతూనే ఉంటుంది. వేల ఫ్రేముల్లో గాలి నిలిచిన క్షణాలవి కొన్ని ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చి, పదును పెడుతుంది. వీడియో ఒకటి రెండు నిమిషాలు దాటకూడదు, ఆలోగా ప్రామినెన్సే ఆకారం మార్చుకుంటుంది. వెలుగు ఒక్కటే రంగుది కావడంతో కెమెరా గాజుకూ, చిప్పుకూ మధ్య ప్రతిఫలనాలు కలిసి చారలు వస్తాయి. అవి న్యూటన్ వలయాల బాపతు. కెమెరాను ఒక పక్కకు కొంచెం వంచితే పోతాయి. బింబానికి సరిపడే ఎక్స్‌పోజర్‌లో ప్రామినెన్సులు కనబడవు కాబట్టి రెండూ విడిగా తీసి కలిపేవాళ్లు చాలామంది. చివర్లో వేసే నారింజరంగు మాత్రం మనం వేసిందే.

ఆకాశం చీకటిగా ఉండాలన్న బాధ లేని ఖగోళశాస్త్రం ఇది. హైదరాబాదు నడిబొడ్డున, విజయవాడ వన్‌టౌన్‌లో కూడా చేసుకోవచ్చు. అడ్డమల్లా కాలిన శ్లాబు నుంచి లేచే వేడిగాలి. పొద్దు కాస్త పైకొచ్చాక, డాబా వేడెక్కక ముందు ఉన్న వ్యవధి బంగారం. ఉదయపూర్ సౌర అబ్జర్వేటరీని ఫతేసాగర్ చెరువు మధ్య ద్వీపంలో కట్టింది ఇందుకే, నీటిమీద గాలి నిమ్మళంగా ఉంటుంది. 2010 నుంచి ప్రపంచం చుట్టూ ఆరుచోట్ల సూర్యుణ్ణి ఎడతెగకుండా హైడ్రోజన్ ఆల్ఫాలో తీస్తున్న గాంగ్ కేంద్రాల్లో అదొకటి. 2023లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1 వ్యోమనౌకలోని సూట్ దుర్బిణి 200 నుంచి 400 నానోమీటర్ల వెలుగును చూస్తుంది. అందులో ఎక్కువ భాగం నేలకు చేరదు, అంతరిక్షంలోకి వెళ్లి చూడక తప్పదు. 656 నానోమీటర్ల ఎరుపు నేలకు నిరాటంకంగా దిగుతుంది. దాన్ని డాబా మీదే చూడొచ్చు.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. రాత్రివేళ నీహారికల ఫోటోల కోసం అమ్మే హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్లు వేరు. పేరు అదే కాని, వాటితో సూర్యుణ్ణి చూస్తే కన్ను పోతుంది. సూర్యుడి కోసమే చేసిన పూర్తి దుర్బిణి కాని, తయారీదారు చెప్పిన ముందు ఫిల్టర్‌తో సహా బిగించిన ఎటలాన్ కాని తప్ప మరేదీ వాడకూడదు. పిల్లలున్న ఇంట్లో దుర్బిణిని ఎండలో వదిలి పక్కకు పోకూడదు.

ఈ యంత్రం కథ ఇప్పుడు ఊహించని మలుపు తిరిగింది. 2021లో ఫ్రెంచి ఔత్సాహికుడు క్రిస్టియాన్ బుయీ సోలెక్స్ అనే పరికరం నమూనాను అందరికీ ఇచ్చేశాడు. అది అచ్చంగా హేల్ చేసిన స్పెక్ట్రోహీలియోగ్రాఫే, కాని అరచేతిలో పడుతుంది. పెట్టెను త్రీడీ ప్రింటర్‌లో అచ్చువేసుకోవాలి. లోపల 10 మైక్రాన్ల చీలిక, వెలుగును రంగులుగా విడదీసే, మిల్లీమీటరుకు 2400 గీతల గ్రేటింగ్, రెండు చిన్న కటకాలు. హేల్ రెండో చీలిక స్థానంలో కెమెరా వచ్చింది. దుర్బిణిని కదపకుండా వదిలేస్తే భూభ్రమణం వల్ల సూర్యబింబం రెండు నిమిషాలకు కాస్త పైగా చీలిక దాటుతుంది. ఆ వీడియోలో ప్రతి ఫ్రేము నుంచీ ఒక్క గీత తీసుకుని సాఫ్ట్‌వేర్ సూర్యుణ్ణి కట్టేస్తుంది. ఎటలాన్ కంటే సన్నని ముక్క దక్కుతుంది. ఒకే వీడియో నుంచి గీత మధ్యలోనూ, అంచుల్లోనూ సూర్యుడు ఎలా ఉన్నాడో, ఏ వాయువు మనవైపు వస్తోందో, ఏది దూరం పోతోందో బొమ్మలు తీయొచ్చు. వేగంగా మారే విస్ఫోటాలకు మాత్రం ఎటలానే నయం. రెండు నిమిషాలకొక బొమ్మ వాటికి చాలదు.

మన డిగ్రీ కాలేజీల ఫిజిక్స్ ల్యాబుల్లో అంగుళానికి 15,000 గీతల గ్రేటింగ్, స్పెక్ట్రోమీటర్ ఎప్పటినుంచో ఉన్నాయి. సోడియం దీపం ముందు పెట్టి రికార్డు రాయించి మూసేస్తున్నారు. కిటికీలోంచి వచ్చే ఆకాశపు వెలుగును దాని చీలిక మీద పడనిస్తే చాలు, ఎరుపులో ఆ నల్లని గండి కనిపిస్తుంది. సోలెక్స్‌కు కావలసిన 2400 గీతల గ్రేటింగ్ వేరే కొనాలి, మంచి కెమెరా ఒకటి కావాలి. మిగిలింది విద్యార్థుల ఓపిక. గుంటూరు, మచిలీపట్నం, కాకినాడల్లో ఒక్కో కాలేజీ ఈ పని చేపడితే బాగుండునని నా కోరిక. మూడు ఊళ్లలో ఒకచోట మబ్బుపడితే ఇంకోచోట తెరిపి ఉంటుంది, సూర్యుడి రోజువారీ ఫోటో ఆగదు.