ఏటి ఒడ్డున నల్లరాయి

ఒరెగాన్‌లో కొలంబియా నది లోయకి వెళ్ళినవాళ్ళు నల్లటి, నున్నటి గులకరాళ్ళు ఒకటో రెండో చూసే ఉంటారు. తడిగా ఉంటే నూనె రాసినట్టు మెరుస్తాయి, ఆరితే బూడిద రంగుకి దిగుతాయి. పిల్లలు ఉల్క అంటారు. పెద్దవాళ్ళు కొందరు సాలగ్రామమని దేవుడి మందిరంలో పెడతారు. సాధారణంగా రెండూ కాదు. అది గడ్డకట్టిన లావా, అంటే బసాల్ట్.

పగిలిన ముక్క దొరికితే లోపలివైపు చూడండి. గ్రానైట్‌లో తెల్లవీ నల్లవీ పలుకులు విడివిడిగా కనిపిస్తాయి. బసాల్ట్‌లో మామూలు కంటికి దాదాపు కనపడవు. లావా భూమి పైకొచ్చి త్వరగా చల్లారడంతో పలుకులు పెరగడానికి వ్యవధి చాలలేదన్నమాట. అందుకే నీళ్ళలో దొర్లి అన్నివైపులా సమంగా అరుగుతుంది. అదే సైజు గ్రానైట్ కన్నా కాస్త బరువు కూడా. దారానికి కట్టిన అయస్కాంతం దానివైపు ఒరిగిందని సంబరపడకండి, బసాల్ట్‌లో మాగ్నటైట్ ఉంటుంది. పైన చిన్నచిన్న గుంటలుంటే అవి లావాలో గాలి బుడగలున్న చోట్లు. ఉల్కల్లో అలాంటివి చాలా అరుదు.

ఇక సాలగ్రామం. నేపాల్‌లో గండకీ నదిలో దొరికే ఆ నల్లరాళ్ళలో కనిపించే చక్రం అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల ముద్ర. కరిగిన లావాలో ఏ గుల్లా మిగలదు. భక్తితో ఏ రాయిని పూజించినా నాకు అభ్యంతరం లేదు గానీ, నల్లగా నున్నగా ఉందని డాలర్లు పోసి కొనేవాళ్ళు చక్రం ఉందో లేదో చూసుకోవాలి.

నిజానికి ఈ రాయి మనకి పాతచుట్టమే. కొలంబియా లావాలో ఎక్కువ భాగం సుమారు 1.6 కోట్ల ఏళ్ళ నాటిది. మన దక్కన్ లావా 6.6 కోట్ల ఏళ్ళది. గోదావరి పుట్టిన త్ర్యంబకం, కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం ఆ లావా మీదే ఉన్నాయి. ఆదిలాబాద్ పత్తి చేల నల్లరేగడి చాలావరకు ఆ రాయి చివికిందే. రాజమండ్రి దగ్గర కాటేరులో, గోదావరికి ఇవతల పంగిడి క్వారీల్లో కూడా బసాల్టే. అక్కడికి లావా పడమటి నుంచి పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి వచ్చిందని శాస్త్రవేత్తల అంచనా!

ఒక జాగ్రత్త. ఏటిరాళ్ళని పెరట్లో నిప్పుగుంట చుట్టూ పేర్చకండి. లోపల చిక్కుకున్న తడి ఆవిరై రాయి పేలి, ముక్కలు కళ్ళలో పడొచ్చు. అలాగే అమెరికా నేషనల్ పార్కుల నుంచి ఒక్క గులకరాయి తెచ్చుకున్నా చట్టవిరుద్ధమే. ఫొటో తీసుకుని అక్కడే వదిలెయ్యండి.